ఏ తీగ కొనాలి?

(నర్సాపూర్‌లో జరిగిన తాండా యువజన సమావేశంలో గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)



  సంఘం వాళ్లు మమ్మల్ని చదువు గొప్పదనం మీద మాట్లాడమన్నారు. అది మీరు ప్రతి ఏడూ వింటూనే ఉన్నారు, మేము ప్రతి ఏడూ చెబుతూనే ఉన్నాం. ఈసారి తీగ గురించి మాట్లాడుకుందాం. తమ్ముళ్లు ఫోన్లు జేబులో పెట్టుకుంటే మంచిది, ఇది ఎక్కువగా మీ సంగతే.

మేము అంటే ఎవరో ముందే చెప్పాలి. వార్డెన్, ఇద్దరు వంటమ్మలు, రాత్రి కావలి ఉండే అక్క. హాస్టల్‌లో ఏ పనీ ఒక్కరిది కాదు. ఇప్పుడు చెప్పబోయే సంగతులన్నీ మేము కలిసి చూసినవే.

నిరుడు సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయి వచ్చిన ఒక బిడ్డ, పదో తరగతి, కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో వెతుకుతోంది. పరీక్షల పాత పేపర్లేమో అనుకున్నాం. దగ్గరికి పోయి చూస్తే తెర మీద తీగల బొమ్మలు. "ఏందమ్మా ఇది?" అంటే దాచలేదు. "మేడమ్, నక్కలు మా మేకపిల్లల్ని ఎత్తుకపోతున్నయ్. నెలల నాలుగు పోయినయ్. ఉచ్చుకు ఏ తీగ మంచిదో చూసి చెప్పుమన్నడు మా అన్న" అంది.

నాలుగు మేకపిల్లలంటే ఆ ఇంటికి చిన్న నష్టం కాదు. అన్న డిగ్రీ ఫీజు ఆ మందలోంచే రావాలి. బి.ఎడ్.లో మాకు నేర్పినవాటిలో చాలావరకు మరిచిపోయాం కానీ ఒకటి మాత్రం గుర్తుంది: పిల్ల ప్రశ్న తప్పుగా అనిపించినా ముందు దాన్ని పూర్తిగా వినాలి. అందుకని కంప్యూటర్ ఆపేయలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని ఆ పేజీలన్నీ మేమూ చదివాం.

అవి అమెరికావి. అక్కడ కొయోటీ అనే జంతువు ఉంది. మన నక్కకు దగ్గరి చుట్టమే, కాకపోతే కొంచెం పెద్దది. మన నక్క ఎనిమిది, పది కిలోలు తూగితే అది పది నుంచి ఇరవై కిలోల దాకా ఉంటుంది. గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతుంది. అక్కడి కొన్ని రాష్ట్రాల్లో లైసెన్సు తీసుకుని దాన్ని ఉచ్చు వేసి పట్టొచ్చు. ఆ పేజీల్లో రాసిందంతా ఆ ఉచ్చుకు సామాను ఎట్లా ఎంచుకోవాలనే. చదువుతుంటే మాకే ఆశ్చర్యమేసింది, అంత సంగతి ఉంది దాంట్లో.

వాళ్లు ఒంటి తీగ వాడరు. సన్నని ఉక్కు పోగులు పేనిన కేబుల్ వాడతారు. అది మెలిపడకుండా గింగిరాలు తిరిగే కొక్కెం ఒకటి ఉంటుంది. జంతువు లాగడం ఆపితే కాస్త వదులయ్యే బిళ్ల ఒకటి ఉంటుంది. ఉచ్చు ఒక హద్దు దాటి బిగుసుకోకుండా కేబుల్ మీద ఒక అడ్డు పెడతారు, ఎందుకంటే జింక కాలు పడితే బయటికి రావాలి. ఆవు, దూడ లాంటి పెద్ద జంతువు పడి గట్టిగా లాగితే తెగిపోయే జోడు ఇంకొకటి ఉంటుంది. ఇవన్నీ పెట్టాక కూడా చాలాచోట్ల రోజుకొకసారి వెళ్లి చూసి రావాలని నిబంధన. ఇంత చేసినా అక్కడి జనంలోనే చాలామందికి ఇది ఇష్టం లేదు. కాలిఫోర్నియాలో 1998లో ప్రజలే ఓటేసి, బొచ్చు వ్యాపారం కోసం ఇట్లాంటి ఉచ్చులు వాడడాన్ని ఆపించారు. ఇంకో మాట కూడా చెప్పాలి. వందేళ్లకు పైగా ఉచ్చుతో, విషంతో, తుపాకీతో చంపుతూ వచ్చినా కొయోటీలు తగ్గలేదు. ఒకప్పుడు లేని ప్రాంతాలకు కూడా పాకి ఇప్పుడు ఆ దేశమంతా ఉన్నాయి.

ఆ బిడ్డను ఒక్కటే అడిగాం. "ఇన్ని బిళ్లలు, కొక్కేలు ఎందుకు పెట్టిన్రు వాళ్లు?" కాసేపు ఆలోచించింది. "వేరేవి పడకుండ" అంది. అంతే. ఆ సామాను ఎంపికంతా నక్కను పట్టడానికి కాదు, నక్క కానిదాన్ని వదిలిపెట్టడానికి. మన దగ్గర గెట్ల మీద కనిపించే ఉచ్చు సంగతి మీకు తెలుసు. బైండింగ్ తీగ, లేకపోతే పాత బండి క్లచ్ వైరు. బిళ్ల లేదు, అడ్డు లేదు, తెగే జోడు లేదు. ఎంత లాగితే అంత బిగుసుకుంటుంది. పెట్టినవాడు మరుసటి రోజు వస్తాడో, వారానికి వస్తాడో కూడా తెలియదు.

ఆ ఆదివారం మేము ఇద్దరం ఆ బిడ్డతో వాళ్ల తాండాకు వెళ్లాం. మేము పోయేసరికే ఆలస్యమైపోయింది. చెల్లెలు చూసి చెప్పేదాకా ఆగకుండా అన్న ఒక క్లచ్ వైరు తెచ్చి దొడ్డి వెనక కంపలో పెట్టేశాడు. మూడో రాత్రి అందులో పడింది వాళ్ల కుక్కే. మేకలకు ఇన్నేళ్లు కావలి ఉన్న కుక్క. తెల్లారి చూసేసరికి నడుము దగ్గర కోసుకుపోయి ఉందట. రెండు రోజులు బతికింది. ఆ బిడ్డకు ఈ సంగతి మాతో పాటే తెలిసింది. ఏడవలేదు. దొడ్డి దగ్గరికి పోయి ఆ వైరు ఉన్న చోట నిలబడి చూసింది. కుక్క పోయిన వారానికి ఇంకో రెండు పిల్లలు పోయాయి. పోవా మరి?

మన పెద్దలు వేటాడలేదా అని మీరు అడుగుతారు. వేటాడారు. కానీ వాళ్ల ఉచ్చు నారతోనో, జనుముతోనో పేనిన తాడు. కుందేలు ఆగేది, బలమైనది తెంపుకుపోయేది. రాత్రి పెట్టినవాడు తెల్లారకముందే పోయి చూసేవాడు, ఎందుకంటే కూర కావాలి. ఇనుప తీగ ఆ పద్ధతిని మార్చేసింది. అది చిరుతను కూడా ఆపేస్తుంది. నల్గొండ జిల్లా మర్రిగూడ మండలంలో 2020లో పందుల కోసం పెట్టిన ఉచ్చులో చిరుతపులి పడిన సంగతి మీలో కొందరు టీవీలో చూసే ఉంటారు. ఇంకో సంగతి మన పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు. మన తాతలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుని లదేణి మీద దేశమంతా తిరిగినప్పుడు, రాత్రి విడిదిలో తోడేళ్ల నుంచి, నక్కల నుంచి కావలి కాసింది కుక్కలే. మన పేరుతోనే బంజారా హౌండ్ అని ఒక వేటకుక్క జాతి ఉంది. కుక్కను తెచ్చి ఉచ్చులో పడేసుకోవడం మన అలవాటు కాదు.

ఇక చట్టం సంగతి. దీన్ని కొంచెం నెమ్మదిగా చెబుతాం, ఎందుకంటే కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. అందులో వేట అనే మాటకు ఇచ్చిన అర్థం మనం అనుకునేంత చిన్నది కాదు. చంపడమే కాదు. పట్టడం, విషం పెట్టడం, ఉచ్చు వేయడం, బోను పెట్టడం, తరమడం, ఎర వేయడం, వీటిలో దేనికైనా ప్రయత్నం చేయడం, అన్నీ వేటే. అంటే మీ ఉచ్చులో ఏమీ పడకపోయినా, పెట్టినందుకే నేరం. ఈ చట్టాన్ని 2022లో సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు నక్క ఒకటో షెడ్యూలులో ఉంది. చిరుత, నెమలి, ఉడుము, అలుగు కూడా అందులోనే. ఒకటో షెడ్యూలు జంతువు విషయంలో దొరికితే మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల దాకా జైలు, 25 వేలకు తక్కువ కాని జరిమానా. అడివిపంది, కుందేలు రెండో షెడ్యూలు. వాటికి మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. మీరు పంది కోసమే పెట్టామంటారు. పడింది నెమలి అయితే కేసు నెమలిదే.

గిరిజనులం కదా, మనకు మినహాయింపు ఉంటుందని ఒక పుకారు ప్రతి తాండాలో తిరుగుతుంది. లేదు. ఆ చట్టంలో వేట హక్కు మినహాయింపు ఉన్నది నికోబార్ దీవుల షెడ్యూల్డు తెగలకు మాత్రమే. 2006 అటవీ హక్కుల చట్టం మనకు పోడు భూమి మీద, అడవి ఫలసాయం మీద హక్కు ఇచ్చింది. అదే చట్టం సంప్రదాయ హక్కులన్నీ గుర్తిస్తూనే వేటను, ఉచ్చు వేయడాన్ని అందులోంచి తీసేసింది. పట్టా పుస్తకం చూపిస్తే కేసు పోదు.

దీని మీద ఒక తమ్ముడు మాతో గట్టిగానే వాదించాడు. "పోచారం అడివిల నిజాం వేటాడితే షికారు, మనం ఉచ్చు పెడితే నేరమా మేడమ్?" అన్నాడు. మాట నిజమే, పోచారం అభయారణ్యం ఒకప్పుడు నిజాం వేటాడిన అడవే. ఆ కోపం మాకు లేదని కాదు. 1871 నేరస్థ తెగల చట్టం పేరు చెప్పి దేశంలో ఎన్నిచోట్ల మనవాళ్ల మీద ముద్ర వేశారో మనకు తెలుసు. 1952లో ఆ చట్టం పోయింది, చూపు అంత తొందరగా పోలేదు. అడవిలో ఏది చచ్చినా ముందు తాండా వైపే చూస్తారు. అందుకే మనం ఇంకా జాగ్రత్తగా ఉండాలని మా లెక్క. ఇక పెద్దవాళ్లకు వర్తించదనుకుంటే అదీ పూర్తిగా నిజం కాదు. సల్మాన్ ఖాన్ 1998లో కృష్ణజింకల్ని వేటాడిన కేసులో జోధ్‌పూర్ కోర్టు 2018లో అయిదేళ్ల శిక్ష వేసింది. ఆయన బెయిలు తెచ్చుకున్నాడు. ఇరవై ఏళ్లు కోర్టుల చుట్టూ తిరిగే స్తోమత ఆయనకు ఉంది. మన దగ్గర పంతొమ్మిదేళ్ల పిల్లాడి మీద ఒక్క కేసు పడితే ఉద్యోగం వెరిఫికేషన్ దగ్గరే ఆగిపోతుంది.

ఇప్పుడు ఇంకో తీగ గురించి. దీన్ని చెప్పాలా వద్దా అని మాలో మేము చాలాసేపు అనుకున్నాం.

కొన్నేళ్ల కిందట మక్క చేన్ల కాలంలో, తెల్లవారుజామున అయిదింటికి మా హాస్టల్ గేటు కొట్టారు. ఆరో తరగతి బిడ్డ వాళ్ల మామ. బిడ్డ నాన్న మోటరు వేయడానికి పొలానికి పోయి, పక్క చేను చుట్టూ పందుల కోసం లాగిన కరెంటు తీగ తగిలి అక్కడికక్కడే పోయాడు. నిద్రపోతున్న బిడ్డను లేపాలి. ఏమని లేపుతాం? "ఇంటికి పోదాం లే బిడ్డా" అన్నాం. పండగకా అని అడిగింది.

ఆ తీగ పెట్టిన రైతు కూడా అదే తాండా. పోలీసులు తీసుకుపోయారు. ఆయన బిడ్డ కూడా మా హాస్టల్‌లోనే, అదే గదిలో ఉండేది. ఇద్దరి ట్రంకు పెట్టెలూ పక్కపక్కనే ఉండేవి. ఇద్దరూ తిరిగి వచ్చాక పెట్టెలు జరపాలా వద్దా అని మేము కొట్టుకున్నాం. జరపలేదు. కొన్ని నెలలు ఒకరితో ఒకరు మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు లెక్కల నోటుబుక్కు ఒకటి ఆ పెట్టె మీంచి ఈ పెట్టె మీదకు వచ్చింది. అంతకు మించి వాళ్ల గురించి చెప్పం, వాళ్లు ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు.

ఇంటి కరెంటు 230 వోల్టులు. ఒకసారి పట్టుకుంటే ఆగకుండా వస్తూనే ఉంటుంది, కండరాలు బిగిసిపోయి చేయి వదలదు. వర్షం పడిన నేల మీద, చెప్పులు లేని కాలికి ఇంకేం కావాలి? అట్లా పెట్టడం కరెంటు దొంగతనం కింద ఒక కేసు, మనిషి చనిపోతే అంతకంటే చాలా పెద్ద కేసు. ఎక్కడైనా అట్లాంటి తీగ కనిపిస్తే ముట్టుకోవద్దు, 1912కు ఫోన్ చేసి చెప్పండి. చుట్టమైనా సరే, ముందు పోయి తీయించండి, తీయకపోతే ఫోన్ చేయండి.

విషం కూడా అంతే. కాగజ్‌నగర్ వైపు 2024 జనవరిలో పశువు కళేబరానికి పెట్టిన విషంతో రెండు పులులు చచ్చిపోయాయి. ఆ కళేబరాన్ని కుక్క, గద్ద, కాకి ఏది ముట్టినా అదే గతి.

మరి చేను ఎట్లా కాపాడుకోవాలి? మంచె మీద రాత్రంతా కూర్చునే ముసలివాళ్లు ఇప్పుడు ఎంతమంది ఉన్నారు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉచ్చు పెట్టొద్దని మాత్రం చెబితే మా మాట ఎవరూ వినరు, వినక్కర్లేదు కూడా. కాబట్టి ఇప్పుడు ఏ తీగ కొనాలో చెబుతాం.

పంది చేనుకు వస్తుంటే ముందు ఖర్చు లేనివి చూడండి. పందికి చూపు తక్కువ, వాసన ఎక్కువ. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు దీని మీద చాలాకాలంగా పని చేస్తున్నారు. మక్క చేను చుట్టూ నాలుగు వరుసలు ఆముదం వేయమంటారు. పల్లీ చుట్టూ కుసుమ వేయమంటారు, దాని ముళ్లకు పంది వెనక్కి పోతుంది. మంగలి షాపుల్లో ఊడ్చి పారేసే వెంట్రుకలు తెచ్చి గెట్టు చుట్టూ పలచగా చల్లితే, పంది నేల వాసన చూస్తూ వస్తుంది కదా, ముక్కులోకి పోయి చిరాకు పడుతుంది. మీరు నవ్వుతున్నారు. నర్సాపూర్ బజారులో అడిగి చూడండి, ఊరికే ఇస్తారు. ఊరపంది పేడ నీళ్లలో కలిపి చల్లడం కూడా చెబుతారు, వేరే గుంపు ఇక్కడ ఉందని అడివిపంది అనుకుంటుందట. వాన పడితే ఇవన్నీ మళ్లీ చేయాలి. రంగురంగుల చీరలు కట్టడం మాత్రం మేము చూసినంతలో కొన్ని రోజులే పనిచేస్తుంది, తర్వాత పందులు వాటి కిందుగానే వస్తాయి. చీరలు దండగ.

నలుగురైదుగురు రైతులు కలిస్తే సోలార్ కంచె కొనొచ్చు. ఇది కూడా కరెంటే, కానీ వేరే రకం. ఎనర్జైజర్ అనే పెట్టె బ్యాటరీ నుంచి తీసుకుని, సెకనుకు ఒకసారి కంటే ఎక్కువ కాకుండా చిన్న దెబ్బలాగా వదులుతుంది. ఒక్కో దెబ్బ సెకనులో వందో వంతు కూడా ఉండదు. గట్టిగా కొడుతుంది, కానీ వదిలించుకునే సందు ఇస్తుంది. కొనేటప్పుడు దుకాణంలో ఎంత గట్టిగా కొడుతుందని అడగకండి. పెట్టె మీద 60335-2-76 అనే ప్రమాణం నంబరు ఉందా అని అడగండి. మన బి.ఐ.ఎస్.లో అదే ఐ.ఎస్. 302 రెండో భాగం, 76వ సెక్షన్. ఆ నంబరు లేని చౌక పెట్టెలు, ఇంట్లో తయారుచేసినవి వద్దే వద్దు. కింది తీగ నేల నుంచి జానెడు ఎత్తులో ఉండాలి, పంది ముట్టెకు తగలాలి కదా. ఎర్తింగు కడ్డీలు లోతుగా, తేమ ఉన్నచోట దించండి. చాలాచోట్ల కంచె పని చేయడం లేదంటే తప్పు పెట్టెది కాదు, ఎండిన ఎర్తుది. తీగకు గడ్డి తగిలితే బలమంతా నేలలోకి పోతుంది, వారానికోసారి కొడవలితో కోయాల్సిందే. బోర్డు రాసి కట్టండి. ఏ కారణంతోనూ ఆ కంచెను స్తంభం తీగకు కలపొద్దు.

నక్కకు ఇవేవీ అక్కర్లేదు. నక్క దొడ్డిలోకి ఎక్కువగా సందులోంచే వస్తుంది. ఆ బిడ్డ వాళ్ల దొడ్డి దగ్గర మేము చేసింది ఇదే: కంప కింద అడుగు లోతు తవ్వి రాళ్లు పేర్చి, దాని మీద ఇనుప జాలీ కట్టించాం. వాళ్ల అన్నే కట్టాడు, రెండు రోజులు పట్టింది. చిన్న పిల్లల్ని రాత్రి గంప కింద మూసి ఇంటి వసారాలో పెట్టమన్నాం. ఈనే మేకను మందలో వదలొద్దన్నాం, ఆ వాసనకే నక్కలు చేరతాయి. చచ్చిన కోళ్లను, మావిని తాండా చివర పారేయడం ఆపించాం. ఇది అన్నిటికంటే కష్టమైంది, ఇప్పటికీ సగం మంది వినరు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఒక్క పిల్లే పోయింది, అదీ పట్టపగలు మేతకు పోయినచోట. కొత్త కుక్కను తెచ్చుకున్నారు, దానికి రేబిస్ టీకా వేయించారు. నక్క గాని కుక్క గాని కరిస్తే పసుపు, సున్నం పెట్టకుండా పావుగంట సబ్బుతో కడిగి ఆసుపత్రికి పోవాలి, ఇది మరిచిపోకండి. ఇంకో మాట: వరి మళ్లలో ఎలుకల్ని తినేది కూడా ఆ నక్కే.

ఇన్ని చేసినా పందులు ఆగకపోతే, చట్టంలోనే ఒక దారి ఉంది. పదకొండో సెక్షన్ కింద, నిలిచి ఉన్న పంటకు ప్రమాదమని తేలితే రెండో షెడ్యూలు జంతువును వేటాడడానికి అటవీ అధికారులు రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. అది వాళ్లు ఒప్పుకున్న షూటరు చేసే పని, మనం తీగ పెట్టే పని కాదు. పంట పోయినా, మేక పోయినా అదే రోజు ఫోటోలు తీసి, పాస్‌బుక్ జిరాక్సు జోడించి నర్సాపూర్ రేంజి ఆఫీసులో దరఖాస్తు ఇవ్వండి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. దరఖాస్తు రాయడం రాకపోతే మా హాస్టల్‌కు రండి. పదో తరగతి బిడ్డలు రాసిపెడతారు, వాళ్లకు తెలుగు లేఖల అభ్యాసం కూడా అవుతుంది.

చివరగా ఒక పని ఉంది. వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి, బీట్ ఆఫీసరుతో కలిసి అడవి అంచున ఉన్న గెట్ల వెంట నడిచి పాత ఉచ్చులు తీసేద్దామని అనుకున్నాం. ఎవరు పెట్టారని ఆ రోజు అడగబోమని ఆయనతో ముందే మాట్లాడుకున్నాం. ఇంటి దగ్గర ఎవరికైనా అట్లాంటి తీగలు మిగిలి ఉంటే అవి కూడా తెచ్చి ఇవ్వొచ్చు. చెప్పులతో రావొద్దు, కంప ముళ్లు ఉన్నాయి, బూట్లు వేసుకు రండి. కట్టింగ్ ప్లేయరు ఉన్నవాళ్లు తెచ్చుకోండి, మా దగ్గర రెండే ఉన్నాయి. మధ్యాహ్నం భోజనం హాస్టల్‌లోనే. ఎంతమంది వస్తారో శుక్రవారం లోపు మా వంటమ్మకు చెప్పండి, బియ్యం నానబెట్టాలి.

జై సేవాలాల్.